చెల్లెలి కారుకు కన్ను కొనడానికి వెళ్లి

హైదరాబాద్ వెళ్లొచ్చానని తెలియగానే మా ఆఫీసులో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, చార్మినార్ చూశావా అని. చూడలేదు. ముత్యాలు కొనలేదు. పేరున్న హోటల్లో బిర్యానీ తినలేదు. నాలుగు రోజులున్నాను, ఆ నాలుగు రోజులూ నగరానికి తూర్పు పక్కన, ఎల్.బి. నగర్, నాగోల్, మూసారాంబాగ్‌ల మధ్యే తిరిగాను. వెళ్లిన పని వేరు. కారు ముందు అద్దానికి అంటించే కెమెరా ఒకటి కొనాలి. డ్యాష్ క్యామ్ అంటారు దాన్ని.

నేను రాజమండ్రిలో ఒక బీమా కంపెనీలో వాహనాల క్లెయిములు చూస్తాను. గుద్దినవాళ్లూ గుద్దించుకున్నవాళ్లూ రాసిచ్చే కథలు చదవడమే నా ఉద్యోగం. ఇన్నేళ్ల సర్వీసులో ‘తప్పు నాదే’ అని రాసిన మహానుభావుడు ఒక్కడూ తగల్లేదు. చెట్టే అడ్డం వచ్చిందని రాసినాయన మాత్రం ఉన్నాడు. ఈ మధ్య కాగితాలతో పాటు వీడియోలు కూడా వస్తున్నాయి కాబట్టి, మా చెల్లెలి దృష్టిలో నేను కెమెరాల పండితురాలిని. నిజం చెప్పాలంటే నాకు కారే లేదు, ఉన్నది ఒక పాత స్కూటర్. కెమెరాల గొప్పలు నాకు తెలియవు గానీ అవి ఎక్కడెక్కడ చెయ్యిస్తాయో బాగా తెలుసు.

మా చెల్లెలు వసంత మన్సూరాబాద్‌లో ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. నలభై దాటాక పట్టుబట్టి కారు నేర్చుకుంది, రెండేళ్లు హాయిగా నడిపింది. నెల కిందట మూసారాంబాగ్ దగ్గర ఒక ఆటో ఆమె కారుని గుద్దింది. ఆ సాయంత్రం నుంచి కారు తాళం ఆమె భర్త మల్లేశం జేబులో ఉంది. కెమెరా పెట్టించాక, తప్పెవరిదో తేలే వీలుంటే, అప్పుడు నువ్వే నడుపుకో అన్నాడట. వినడానికి న్యాయంగానే ఉంది.

“అక్కా, నువ్వొచ్చి మంచి కెమెరా చూసి పెట్టు. తాళం నా చేతికొస్తుందో రాదో దాని మీదే ఉంది” అంది వసంత ఫోన్లో. నేను సెలవు పెట్టి బస్సెక్కాను.

ఎల్.బి. నగర్, పొద్దున్నే

విజయవాడ రోడ్డు మీంచి వచ్చే బస్సులన్నీ ఎల్.బి. నగర్లో సగం ఖాళీ అవుతాయి. మా గోదావరి జిల్లాల సంచులు, కృష్ణా జిల్లా పచ్చడి సీసాలు, నిద్ర మొహాలు అన్నీ ఒకేసారి రోడ్డు మీద దిగుతాయి. దిగిన మరుక్షణం ఆటోవాళ్లు చుట్టుముడతారు. “యాడికి వోవాలె మేడం?” అని ఒకాయన నా సంచి మీద చెయ్యేశాడు. మన్సూరాబాద్‌కి ఎంతండీ అన్నాను. ఆ ‘అండీ’ విన్నాక రేటు పెరిగిందని నా అనుమానం. బేరం ఆడటానికి ముందు ఈ ఊళ్లో మర్యాద తగ్గించుకోవాలని అప్పుడే నేర్చుకున్నాను.

ఇంతలో వసంత వచ్చింది. ఇదివరకు నేనెప్పుడు వచ్చినా కారేసుకొచ్చేది, వెనక తలుపు తానే తీసి నా సంచులు పెట్టేది. ఈసారి ఆటో దిగింది. “ముందు టీ తాగుదాం” అంది, నా మొహం వంక సరిగా చూడకుండా.

ఇరానీ చాయ్ మా వైపు టీ కంటే చిక్కన, కప్పు మాత్రం చిన్నది. దానితో ఇచ్చే బిస్కట్టు కాస్త ఉప్పగా, కాస్త తియ్యగా ఉంటుంది, ఎటూ తేల్చుకోదు. రెండు తిన్నాను.

మన్సూరాబాద్

వసంత అత్తగారు నర్సమ్మగారిది చౌటుప్పల్ అవతల పల్లె. మనవలు హాస్టళ్లకు పోయి ఇల్లు బోసిపోయాక, ఆవిడ మాత్రం ఊళ్లో ఒంటరిగా ఎందుకని కొడుకు తెచ్చి దగ్గర పెట్టుకున్నాడు. నన్ను చూడగానే, “బక్కగైనవ్ బిడ్డా” అంది. నేను తగ్గింది ఎప్పుడూ లేదు, కానీ ఆ మాట వింటే బాగుంటుంది. వేడి వేడి సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నెకు అద్ది, మధ్యమధ్య వేలితో చిల్లులు పెట్టి కాలుస్తారు. మా దిబ్బరొట్టె దిండులా మెత్తగా ఉంటుంది. ఇది కరకరలాడుతుంది, కారం చెవుల దాకా వస్తుంది.

మల్లేశం గురించి చెప్పాలి. చెడ్డవాడని రాస్తే నా కళ్లు పోతాయి. ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో పనిచేస్తాడు. గొంతు పెంచడు, భోజనానికి నేను కూర్చునేదాకా తాను కూర్చోడు. అసలు చిక్కంతా అక్కడే. అరిచే మగాడైతే ఎదురరిచి తాళం లాక్కోవచ్చు. ఈయన మెత్తగా, “నీ మంచికే గద వసంతా” అని జేబులో వేసుకున్నాడు. అలాంటివాళ్లతో ఎలా పోట్లాడాలో మా అమ్మ మాకు నేర్పలేదు.

గేటు లోపల కారు దుమ్ము కొట్టుకుని ఉంది. మల్లేశం ఆఫీసుకు మోటార్ సైకిల్ మీద పోతాడు. కారు ఆదివారం తప్ప కదలడం లేదు. వసంత రోజూ షేర్ ఆటో, అది దొరక్కపోతే మెట్రో. దుమ్ములో ఎవరో వేలితో పువ్వు బొమ్మ గీశారు.

ఎల్.బి. నగర్, సీటు కవర్ల వరస

ఆ సాయంత్రమే షాపులకు వెళ్లాం. సీటు కవర్లు, మ్యాట్లు, హారన్లు అమ్మే దుకాణాలు వరసగా ఉన్నాయి. ఒకదాంట్లో చలాకీగా ఉన్న సేల్స్‌మన్ మమ్మల్ని కూర్చోబెట్టి, అన్నిటికంటే ఖరీదైనది ముందు తీశాడు. ఫోర్ కే అన్నాడు, టచ్ స్క్రీన్ అన్నాడు, మాట్లాడి హెచ్చరిస్తుంది అన్నాడు. మీరు గీత దాటితే చెబుతుంది, ముందు బండికి దగ్గరైతే చెబుతుంది, అలసిపోయారా అని కూడా అడుగుతుందట.

“ఈ రోడ్ల మీద గీత దాటినప్పుడల్లా చెబితే మా అత్తమ్మ కంటే ఎక్కువ మాట్లాడుతుంది” అంది వసంత. సేల్స్‌మన్ నవ్వలేదు. వాళ్లింట్లోనూ అత్త ఉండి ఉంటుంది.

రాత్రి పూట తీసిన వీడియో చూపించమన్నాను. చూపించాడు. ఏదో విదేశంలో ఖాళీ రోడ్డు, అద్దంలా తుడిచినట్టుంది, ఒక్క గేదె లేదు. ఇక్కడ తీసిందేమైనా ఉందా అంటే లేదన్నాడు. నాకు అసలు తెలియాల్సింది అదే. ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైటు కొట్టగానే నంబరు ప్లేటు తెల్లటి మచ్చ అయిపోతుంది. మా ఆఫీసుకొచ్చే వీడియోల్లో సగానికి సగం ఆ మచ్చే. గుద్దినవాడు కనిపిస్తాడు, వాడి నంబరు కనిపించదు. ఫోర్ కే అయినా అంతే, లైటు సరిగా పట్టుకోలేకపోతే అంకె ఎంత పెద్దదైతే ఏం లాభం.

ఎండ సంగతి అడిగాను. మే నెలలో తలుపులు మూసి ఎండలో నిలిపిన కారు లోపల ఏముంటుందో అందరికీ తెలుసు. ఈ కెమెరాలో చిన్న బ్యాటరీ ఉంది, అది వేడికి ఉబ్బుతుంది. ఉబ్బి, వెనక మూత ఊడి, డ్యాష్ బోర్డు మీద పడ్డ కెమెరా ఫోటో ఒకటి క్లెయిముతో జతచేసి పంపించారు ఒకసారి. “ఏం కాదు మేడం” అన్నాడు సేల్స్‌మన్. ఏం కాదు అని మూడుసార్లు విన్నాక లేచొచ్చేశాం. వచ్చేటప్పుడు వసంత జామకాయలు కొంది. కోసి ఉప్పూకారం చల్లి ఇచ్చే ఆయన, కెమెరా అతని కంటే నిజాయితీగా, ఇవాళ్టి కాయ పచ్చిగా ఉందని ముందే చెప్పాడు.

దిల్‌సుఖ్‌నగర్

మర్నాడు మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాం. దిగి, ఎస్కలేటర్ దొరికిందన్న సంబరంలో నేను రోడ్డుకు అవతలి వైపు దిగిపోయాను. వసంత ఇవతల నుంచి చేతులూపుతోంది. మళ్లీ ఎక్కి, మళ్లీ దిగి వచ్చేసరికి చెమటలు పట్టాయి.

ఆ వీధి చూస్తే పిల్లలందరూ పరీక్షలు రాయడానికే పుట్టారేమో అనిపిస్తుంది. కోచింగ్ బోర్డు పైన హాస్టల్ బోర్డు, దాని పైన ఇంకో కోచింగ్ బోర్డు. కింద చీరల దుకాణాలు, గాజులు, మిర్చి బజ్జీల బండి. మా వైపు బజ్జీ పొట్ట కోసి ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మరసం పిండుతారు. ఇక్కడ ఉల్లిపాయలు పక్కన పడేసి, కలుపుకుని తినమన్నట్టు ఇచ్చాడు. బజ్జీ బాగుంది, పద్ధతే నచ్చలేదు.

వసంత సహోద్యోగి ఎవరో చెప్పిన షాపు పక్క సందులో ఉంది. చిన్నది. కళ్లద్దాల పెద్దాయన ఒకడే కూర్చుని వైర్లు చుడుతున్నాడు. మేము కెమెరా అనగానే సరుకు తీయలేదు.

“బండి ఎవరు నడుపుతరమ్మా?” అని అడిగాడు.

వసంత “నేనే” అంది. ఆ మాట అన్న తర్వాత కుర్చీలో కాస్త ముందుకు జరిగి కూర్చుంది.

ఆ తర్వాత గంటసేపు మాట్లాడాం. స్క్రీన్ ఉన్నదా లేనిదా అన్నది మొదటి తకరారు. స్క్రీన్ ఉంటే అప్పటికప్పుడు చూసుకోవచ్చు. కానీ బయట నుంచి మెరుస్తూ కనిపిస్తుంది. “దొంగకు ఫోన్ జేసి పిలిచినట్టే” అన్నాడాయన. స్క్రీన్ లేనిది అద్దం వెనకాల నక్కి ఉంటుంది, ఎవరికీ కనబడదు. దాని లోపం కూడా ఆయనే చెప్పాడు. లోపల ఏం రికార్డవుతోందో ఫోన్లో చూస్తే తప్ప తెలియదు, కాబట్టి అప్పుడప్పుడూ చూసుకోవాలి. మేమిద్దరం బుద్ధిగా తలలూపాం.

బ్యాటరీ బదులు కెపాసిటర్ ఉన్నది చూపించాడు, ఎండను ఓర్చుకుంటుందని. నేను అడగబోయింది అదే కనుక ఆయన మీద గౌరవం పెరిగింది. కారు ఆపి ఉన్నప్పుడు కూడా కాపలా కాసే సదుపాయం వద్దనుకున్నాం. దానికి వేరే వైరింగు కావాలి, పైగా కారు బ్యాటరీని తాగేస్తుంది. ఎప్పుడో గాని కదలని కారుకు అది దండగ. వెనక కెమెరా కూడా తీసుకున్నాం, అది మాత్రం వచ్చే వారం తెప్పించి బిగిస్తానన్నాడు. మెమరీ కార్డు వేరే కొనాలన్నాడు. దీపం అమ్మి వత్తి వేరే అన్నట్టుంది కానీ అన్ని షాపుల్లోనూ ఇదే తంతు. మామూలు కార్డు వేస్తే రాసిన చోటే చెరిపి చెరిపి రాసి కొన్ని నెలలకే పాడవుతుంది, అవసరమైన రోజున ఖాళీగా ఉంటుంది. అలాంటి ఖాళీ కార్డులు మా ఆఫీసు సొరుగులో చాలా ఉన్నాయి. మొత్తం కలిపి తొమ్మిది వేల లోపే తేలింది. నిన్నటి చలాకీ అబ్బాయి ఒక్క కెమెరాకే అంతకు రెట్టింపు చెప్పాడు.

చివర్లో ఇంకో సంగతి వచ్చింది. ఇది బొమ్మతో పాటు కారు లోపలి మాటలు కూడా రికార్డు చేస్తుంది. నాకది నచ్చలేదు. మొగుడూ పెళ్లాల మాటలు, అత్తాకోడళ్ల మాటలు కార్డులోకి ఎందుకు, ఆపేయమన్నాను. ఫోన్లో నొక్కితే ఆగిపోతుందన్నాడు ఆయన.

“ఉండనీ అక్కా” అంది వసంత. ఎందుకని అడిగితే, “ఏమో, ఉండనీ” అంది.

మూసారాంబాగ్

ఇంటికి పోకుండా ఇంకో స్టేషను ముందుకు తీసుకెళ్లింది వసంత. మూసారాంబాగ్‌లో దిగి, మెట్రో స్తంభాల కింద నడిచి, ఒక మలుపు దగ్గర ఆగింది. చూడ్డానికి అక్కడేమీ లేదు. సిటీ బస్సులు, పొగ, స్తంభం మీద కోచింగ్ పోస్టర్లు.

“ఇక్కడే” అంది.

ఆ రోజు ఆమె కుడి వైపు తిరగాలి. ఇండికేటర్ వేసింది, నెమ్మదించింది, తిరుగుతుండగా వెనక నుంచి ఆటో దూసుకొచ్చి ముందు తలుపును నొక్కేసింది. ఆటో అతను దిగి అరిచాడు. చుట్టూ జనం చేరారు. వాళ్లలో ఒక్కడూ జరిగింది చూడలేదు, కానీ డ్రైవర్ సీట్లో చీర కట్టుకున్న మనిషిని చూడగానే అందరికీ అన్నీ అర్థమైపోయాయి. వసంత భర్తకు ఫోన్ చేసింది. మల్లేశం పరుగున వచ్చాడు.

“నన్నొక్క మాట అడగలేదక్కా. నేరుగా పోయి ఆటో అతనికి దండం పెట్టాడు. ‘లేడీస్ గద అన్నా, మాఫ్ జెయ్’ అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. సొట్ట పడితే బాగు చేయించుకుంటాం. నేను ఇండికేటర్ వేశానని నా మొగుడే నమ్మకపోతే నేనేం చెయ్యను?”

నాకు కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. రోడ్డు మీద రెండూ కుదరవు కాబట్టి పక్కన చెరుకు రసం తాగాం. తాళం కోసం కెమెరా కొంటున్నాం అనుకుని వచ్చాను నేను. మా చెల్లెలికి కావలసింది ఒక సాక్షి అని అప్పుడు తెలిసింది. జరిగిపోయిన దానికి సాక్షిని ఏ షాపులోనూ అమ్మరు. ఆ మాట ఆమెతో అనలేదు.

ఆదివారం, హారతి పళ్లెం

ఆదివారం పొద్దున్నే మల్లేశం మమ్మల్ని కారులో దిల్‌సుఖ్‌నగర్ తీసుకెళ్లాడు. కళ్లద్దాల పెద్దాయన చాలా ఓపికగా వైరును కప్పు అంచులోకి దోపి, కెమెరాను లోపలి అద్దం వెనకాల అంటించాడు. చూసుకోవడానికి యాప్ ఎవరి ఫోన్లో వేయాలి అన్నాడు. వసంత చేతిసంచి తెరిచేలోపే మల్లేశం తన ఫోన్ ఇచ్చాడు. ఆమె సంచి మూసేసింది. ఫోన్లో రోడ్డు అద్దంలా కనిపించింది, ఎదురు బండి నంబరు కూడా చదివాం. నేను తృప్తిగా సరే అన్నాను.

ఇంటికి రాగానే నర్సమ్మగారు గేటు దగ్గర నిలబడి ఉంది. కొత్త వస్తువు వచ్చింది కాబట్టి పూజ కావాలి. మా వైపూ ఇంతే. బండి కొన్నా, మిక్సీ కొన్నా పసుపు బొట్టు పడనిదే స్విచ్చి వేయం. టైర్ల కింద నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ, అగరొత్తులు. నేను హారతి పళ్లెం పట్టుకున్నాను. ఆవిడ బానెట్‌కు మూడు బొట్లు పెట్టి, తర్వాత ముందు అద్దం దగ్గరకు వచ్చి ఆగింది. లోపల కెమెరా చిన్నగా మెరుస్తోంది.

“గిది గూడ కన్నే గదనే. కన్నుకు కన్ను తగుల్తది” అని, దానికి ఎదురుగా అద్దం మీద తడి పసుపు అద్ది, దాని మీద కుంకుమ దిట్టంగా పెట్టింది. నేను పళ్లెం ఇంకాస్త దగ్గరకు జరిపాను, ఆవిడకు అందేలా.

వాహనాల క్లెయిములు ఇన్నేళ్లుగా చూస్తున్న దాన్ని. కెమెరా ఎక్కడెక్కడ చెయ్యిస్తుందో తెలిసినదాన్ని. నా చేతిలో పళ్లెం ఉంది, కళ్ల ముందే బొట్టు పడింది, నాకు ఏమీ అనిపించలేదు. పూజ కదా. కర్పూరం కళ్లకద్దుకున్నాను.

నాగోల్

సాయంత్రం మల్లేశం అందరినీ నాగోల్ తీసుకెళతానన్నాడు. అక్కడ మూసీ వైపు కొత్త అపార్టుమెంట్లు ఎలా లేచాయో నాకు చూపించాలట, మంచి చాయ్ హోటల్ కూడా ఉందట. తాళం ఇంకా ఆయన దగ్గరే ఉంది. కెమెరా ఎట్లుందో ఒకసారి తాను నడిపి చూస్తానన్నాడు. వసంత ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుంది, నేనూ నర్సమ్మగారూ వెనక.

నాగోల్‌లో రోడ్డు విశాలంగా ఉంది. మెట్రో అక్కడితో ఆగిపోతుంది కాబట్టి ఆటోలన్నీ అక్కడ మొదలవుతాయి. చాయ్ హోటల్ ఎడమ పక్కన వచ్చింది, దాని ముందు కారు ఆపడానికి ఒక్క ఖాళీ ఉంది. ఆ ఖాళీ చూడగానే మల్లేశం చక్రం తిప్పాడు.

“ఏవండీ, ఎడమ పక్క బండి వస్తోంది” అంది వసంత.

“కనవడ్తుంది, నువ్వూకో.”

వెంటనే దడేల్‌మంది. ఒక స్కూటర్ మా ఎడమ వెనక తలుపును గీసుకుంటూ పడిపోయింది. నడిపే నడివయసాయన మోకాలు చెక్కుకుపోయింది, ముందు పెట్టుకున్న టమాటాలు రోడ్డంతా దొర్లాయి. మేమంతా దిగాం. వసంతా నేనూ టమాటాలు ఏరాం.

జనం చేరారు. ఒకాయన వచ్చీ రాగానే అడిగిన మాట, “మేడం నడిపిందా?” సారు నడిపాడని తెలిశాక అందరూ స్కూటర్ ఆయన మీద పడ్డారు. అంత జోరుగా ఎందుకొచ్చినవ్, ముందు చూసుకోవద్దా అని. పాపం ఆయన మోకాలు పట్టుకుని, “ఇండికేటర్ ఎయ్యకుండ తిప్పిండు, నేనేం జేద్దును” అంటున్నాడు. వినేవాళ్లు లేరు. వసంత నా వంక చూసింది. మూసారాంబాగ్ మలుపే ఇది, మనుషులు తారుమారయ్యారంతే.

మల్లేశం ధీమాగా ఫోన్ తీశాడు. “లొల్లి వద్దు. మా బండ్ల కెమెరా ఉన్నది. చూద్దాం, తప్పెవరిదుంటే వాళ్లదే.”

జనం ఫోన్ మీదికి వంగారు. తెర మీద రోడ్డు లేదు, స్కూటర్ లేదు, హోటల్ లేదు. నిండా ఎర్రగా, అంచుల్లో పచ్చగా, పున్నమి నాటి చంద్రుడికి జ్వరం వచ్చినట్టు ఒక బొట్టు. ఎవరో కిసుక్కుమన్నారు.

“నేను వెట్టిన బొట్టే గద గది” అంది నర్సమ్మగారు, అంతమందిలో.

నాకు నవ్వాలో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మల్లేశం ఆపబోయాడు గానీ లోపల నుంచి మాటలు వినబడటం మొదలైంది. బొమ్మ లేదు, శబ్దం శుభ్రంగా ఉంది. ఏవండీ, ఎడమ పక్క బండి వస్తోంది. కనవడ్తుంది, నువ్వూకో. దడేల్.

జనం పలచబడ్డారు. మల్లేశం ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి విన్నాడు. తర్వాత వెనక్కి జరిపి, మన్సూరాబాద్‌లో వాళ్ల సందు మలుపు తిరిగినప్పటిది పెట్టాడు. అక్కడ ఇండికేటర్ టిక్కు టిక్కుమని స్పష్టంగా వినిపించింది. మళ్లీ హోటల్ దగ్గరిది పెట్టాడు. వసంత మాట ఉంది, ఆయన మాట ఉంది. టిక్కు టిక్కు లేదు. ఎవరూ ఆయన్ని వినమనలేదు. తానే విన్నాడు.

స్కూటర్ ఆయన దగ్గరకు వెళ్లి, “తప్పు నాదే అన్నా. ఇండికేటర్ ఎయ్యలే” అన్నాడు.

నా సర్వీసులో ఆ మాట వినడం అదే మొదలు. అదీ సెలవులో ఉండగా విన్నాను.

పక్క వీధి దవాఖానలో ఆయన మోకాలికి కట్టు కట్టించి, స్కూటర్ అద్దం బాగు చేయించి పంపాం. నర్సమ్మగారు ఆయనకు చాయ్ తాగించింది. ఆయన వెళ్లేటప్పుడు మాకే రెండు టమాటాలు ఇచ్చిపోయాడు.

తిరిగి కారు దగ్గరకు వచ్చాక నర్సమ్మగారు ఎవరూ చెప్పకుండానే కొంగు తడిపి అద్దం మీద బొట్టు తుడిచేసింది. మల్లేశం డ్రైవర్ తలుపు తెరిచి, ఎక్కకుండా నిలబడ్డాడు.

“ఆ దినం నువ్వు ఇండికేటర్ ఏసినవ్ గద” అన్నాడు వసంతతో.

“వేశాను.”

“నేను ఇనలే.”

“మీరు అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.”

“అడగలే. ఆటోవాడు చెప్పింది నమ్మిన, నిన్ను నమ్మలే. తప్పయింది వసంతా” అన్నాడు. జేబులోంచి తాళం తీసి ఆమె చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి వెళ్లి ఎడమ సీట్లో కూర్చున్నాడు.

వసంత తాళం అందుకుంది. నెల రోజులుగా ఆ తాళం కోసం చూసిన మనిషి, చేతికొచ్చాక కళ్లు తుడుచుకుంది. తర్వాత సీటు ముందుకు జరుపుకుంది. ఆయన కాళ్లు పొడుగు. ఇంటిదాకా తానే నడిపింది.

మళ్లీ ఎల్.బి. నగర్

సోమవారం నా బస్సు. ఆఫీసుకు ఆలస్యమైనా పరవాలేదని మల్లేశం కూడా వస్తానన్నాడు. పొద్దున్నే వసంత ఫోన్లో కూడా యాప్ వేయించాడు. ఆమె తెరిచి చూసింది, గేటు, ఎదురింటి గోడ, పాలవాడి సైకిలు అన్నీ సక్రమంగా కనిపించాయి.

కొనాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదీ. స్క్రీన్ లేకపోయినా పరవాలేదు, బ్యాటరీ ఉన్నది మాత్రం మన ఎండలకు వద్దు. కార్డు మీద పిసినారితనం పనికిరాదు. రాత్రి పూట ఏ కెమెరా చూపు అయినా అంతంత మాత్రమే. మాటల రికార్డు ఆపకండి, ఇంట్లో ఎవరికి ఇబ్బందైనా సరే. పూజ చేయించుకోండి, బొట్టు బానెట్‌కు పెట్టించుకోండి.

నేను సంచులతో వెనక సీట్లో కూర్చున్నాను. మల్లేశం వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇంతలో నర్సమ్మగారు మెట్లు దిగి వచ్చింది. ఒక చేతిలో నాకు కట్టిన సర్వపిండి పొట్లం, రెండో చేతిలో కుంకుమ భరిణె. ముందు అద్దం వైపే నడిచింది. “అమ్మా” అన్నాడు మల్లేశం కంగారుగా. నేను కిటికీలోంచి తల బయటకు పెట్టాను.

ఆవిడ అద్దం దాటి వచ్చి, డ్రైవర్ తలుపు తెరిచి, వేలితో కుంకుమ తీసి మా చెల్లెలి నుదుట పెట్టింది.

“పైలంగ పోయి రా బిడ్డా” అంది.

వసంత తలుపు వేసుకుని, అద్దం సరిచేసుకుని, ఇండికేటర్ వేసింది. రోడ్డు మీదికి తిరిగేదాకా ఆ టిక్కు టిక్కు కారులో అందరం విన్నాం.